వెనక బెంచీలకు వేరే కప్పు

బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్

ప్రభువునందు ప్రియమైన కృపాకర్ అన్నగారికి,

మీ తమ్ముడు దానియాల్ వందనాలు. ఫోన్లో అయితే నా గొంతు లేస్తుంది. అందుకే మన సంఘం బస్సు నడిపే జానీ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

మీరు సంఘ పెద్ద. ఆ శుక్రవారం ప్రభు బల్ల దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. వెస్ట్ బే ఆఫీసర్ల కుటుంబాలు కూర్చునే ముందు బెంచీల్లో ఎప్పటిలా ద్రాక్షరసం వెండి పాత్ర చేతులు మారింది. మేం కూర్చునే వెనక బెంచీలకు మాత్రం ట్రేలో ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. మావాళ్ళు ముట్టకుండా లేచి వచ్చేశారు. అప్పటినుంచి ఎవరూ బస్సు ఎక్కడం లేదు. మెస్సులో ప్రార్థన పెట్టుకుంటే క్యాంప్ బాస్ వద్దన్నాడు. ఎవరి మంచం దగ్గర వాళ్ళు మోకరిస్తున్నారు. కొందరు అదీ మానేశారు.

నా భయం నా పక్క మంచం గిరి గురించి. భార్య పోయాక వాడు శుక్రవారం ఆరాధన కోసమే బతికాడు. ఇప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం ముట్టడు. "నన్ను ఇడిసిపెట్టు అన్నా" అంటాడు, అంతే. వాణ్ణి కాపాడుకోవడం నా ఒక్కడి వల్ల కావడం లేదు. మీరొచ్చి మావాళ్ళతో ఒక్క మాట మాట్లాడండి.

మీ రాకకు ఎదురుచూసే,
దానియాల్

—

వెస్ట్ బే

ప్రియమైన తమ్ముడు దానియాల్‌కు,

ఎవరినీ చిన్నబుచ్చాలని చేసింది కాదు. మీ క్యాంపులో ఎవరికో దగ్గు తగ్గడం లేదని డాక్టర్ సలోమి గారి చెవిన పడింది. పిల్లల తల్లులు భయపడ్డారు. కొన్నాళ్ళు అలా చేద్దామని పెద్దలం అనుకున్నాం. ఇంత చిన్న విషయానికి సంఘాన్ని వదిలేస్తారా?

ఇక్కడా బాగాలేదు. మీ కంజిర లేక పాట సాగడం లేదు. వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయని, మన ఆరాధన వేళను తమకివ్వమని అదే హాలు వాడుకునే వేరే భాషవాళ్ళు అడుగుతున్నారు. అదీ పోతే మనకు నిలబడే చోటు ఉండదు. బస్సు వస్తూనే ఉంది, ఎక్కండి. వచ్చాక మాట్లాడుకుందాం. గిరి కోసం ప్రార్థిస్తున్నాను.

మీ క్షేమం కోరే,
కృపాకర్

—

క్యాంప్

ప్రియమైన అన్నగారికి,

చిన్న విషయం అన్నారు. మా ఊరి హోటల్లో మా తాత గ్లాసు చూరు కింద మేకుకు వేలాడేది. టీ తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే తగిలించాలి. ఒకే పాత్ర అందరి నోటికీ అందే బల్ల ఉందని విని ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ట్రే చూడగానే మాకు ఆ మేకు గుర్తొచ్చింది. దగ్గు సంగతి మాకెవరైనా చెప్పారా? అందరికీ కప్పులే ఇచ్చి ఉంటే కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళం.

ఇప్పుడు వాదించే ఓపిక లేదు. నిన్నటినుంచి గిరి కనబడడం లేదు. డ్యూటీకి పోలేదు. ఫోను, బైబిలు మంచం మీదే ఉన్నాయి. ఈ ఎండకు మనిషి ఎంతసేపు తట్టుకుంటాడు? మేం సైట్లన్నీ వెతుకుతున్నాం. మీరు ఫోన్ ఎత్తడం లేదని జానీని ఈ చీటీతో మీ ఆఫీసుకు తరుముతున్నాను. ప్రార్థన చాలు అన్నగారూ, కార్లున్నవాళ్ళు బయలుదేరండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

దిక్కుతోచని,
దానియాల్

—

వెస్ట్ బే

ప్రియమైన తమ్ముడూ,

గిరి దొరికాడని మాత్రమే ఫోన్లో చెప్పగలిగాను. మిగతాది నోట రాలేదు.

నీ చీటీ అందగానే మీటింగులోంచి లేచి వచ్చేశాను. సలోమి గారు కారు తీశారు. అల్ షహానియా ఒంటెల ఫారంలో గిరి ఊరివాడు ఉన్నాడని జానీ చెబితే అటు వెళ్ళాం. వాడు ఫారం దాకా చేరనే లేదు. ఏదో లారీ దింపిన చోట, రోడ్డు పక్క గోడ నీడలో పడి ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. సలోమి గారు తన నీళ్ళ సీసా అందిస్తే వెనక్కి జరిగాడు.

"నా నోరు తగలొద్దమ్మా. నా దగ్గుకే సంఘం ఇరిగింది. నేను పోతే మీరందరు కలుస్తరనుకున్న."

మేం మీకు చెప్పలేదు. మీరు కోపంలో అడగలేదు. దగ్గేవాడు మాత్రం అన్నీ తన మీద వేసుకున్నాడు.

ఆమె ఏడుస్తూ వాడికి తాగించి, అదే సీసా తన నోటికి పెట్టుకుని తాగి నాకిచ్చారు. నేనూ తాగాను. అది సిమెంటు దుమ్ము వల్ల వచ్చిన దగ్గని, అంటుకునేది కాదని ఆసుపత్రిలో తర్వాత చెప్పారు. తాగినప్పుడు మాకు తెలియదు.

మేకు గురించి రాశావు. మా నాన్న గ్లాసుకూ ఒకటి ఉండేది.

ఆసుపత్రిలో గిరి నా చెయ్యి పట్టుకుని, "అందరు కలిసిన్రా?" అని అడిగాడు. కలిశారని చెప్పాను. సంఘ పెద్దనై ఉండి అబద్ధమాడాను తమ్ముడూ. రేపు శుక్రవారం మీకు ఉత్త బస్సు పంపను. అందులో మేమే మీ గేటు దగ్గరికి వస్తాం. మావాళ్ళు ఎందరొస్తారో తెలియదు, మీవాళ్ళు ఎక్కుతారో లేదో అంతకన్నా తెలియదు. ఆరాధన అయ్యాక ఆసుపత్రికి వెళ్ళాలి. వాడు మళ్ళీ అదే అడుగుతాడు.

మీ గేటు ముందు నిలబడబోయే,
కృపాకర్