రెండు సర్వర్లూ, సెమిసి పాటలూ

మూంటా బే, జెట్టీ రోడ్డులో కాపురముంటున్న, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఏవ్రిల్ ట్రెవారో అను నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేక, నా తదనంతరం నా ఆస్తిని గురించి రాయించిన వీలునామా. ఏప్రిల్‌లో కూడా బుద్ధి నిలకడగానే ఉంది. అప్పుడు జరిగినదానికి మతిమరుపును సాకుగా చూపలేను.

1. ఇల్లు నా కుమార్తె కెరెన్సాకు సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

2. బట్టలుతికే గదిలోని పాత సర్వర్ కంప్యూటర్లు రెండూ ఆమెకే. ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకుని నడిపినవి. మా ఇంటి ఫొటోలతోపాటు, పక్కింటి లూపె ఫిఫిటా భర్త, కీర్తిశేషుడు సెమిసి, చర్చిలో పాడి పాడించిన టోంగా భాష పాటల రికార్డులన్నీ వాటిలో ఉండేవి. ఒకదాని నకలు రెండోదానిలో. ఇంకెక్కడా లేవు.

వాటి ఆపరేటింగ్ సిస్టం గడువు తీరి చాలాకాలమైంది. ఏప్రిల్‌లో కొత్తది ఎక్కించడానికి కూర్చున్ననాడు లూపె పక్కనే ఉంది. "ఒసే ఏవ్రిల్, ముందు పాటలు ఇంకోచోట దాచవే," అంది. "ఊరందరి ఫోన్లూ నడిపినదాన్ని, నాకు నేర్పుతావా? పోయి టీ పెట్టు," అన్నాను. ఒకటి సరిగ్గా లేచాకే రెండోది ముట్టుకోవాలి. నేను రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. డిస్కు మొత్తం తుడిచెయ్యాలా అని తెర అడిగితే చదవకుండానే సరేనన్నాను. రెండింటి మీదా. టీ వచ్చేసరికి రెండూ కొత్తగా ఉన్నాయి, ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా ఎక్కుతోందే," అన్నాను ఆమెతో. వారాల తరబడి అదే చెప్పాను. కొట్లో కనిపిస్తే సబ్బుల అర వెనక్కి తప్పుకున్నాను.

3. నా చేపల పడవ తమ్ముడు డెంజిల్‌కు చెందరాదు. సంగతి కెరెన్సా ద్వారా విని, క్లబ్బులో అందరి ముందూ, "మా అక్క సెమిసిని రెండోసారి పాతిపెట్టిందిరా," అన్నాడు. మాట నిజమే. అయినా పడవ ఇవ్వను. అదీ కెరెన్సాదే.

4. జూలైలో సెమిసి సంవత్సరీకపు ప్రార్థన జరిగింది. ఆయన పాటలు వినిపించమని పాస్టరు అడిగితే లూపె లేచి, "అవిక లేవయ్యా. నేనే పోగొట్టుకున్నాను," అంది. వెనక బల్ల మీద నాకు ముఖం మండిపోయింది. లేచి, "ఆమె కాదు, నేను తుడిచేశాను. అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పాను," అన్నాను. లూపె వెనక్కి తిరిగింది. "క్లబ్బు మాటలు నా చెవినా పడ్డాయిలేవే. ఇటొచ్చి నిలబడు, కింది స్వరం పాడేందుకు మనిషి తక్కువ."

సెమిసితో పాడినవాళ్ళు గుర్తున్నంతవరకూ పాడారు. గుర్తులేని చోట ఆగి, వాదించుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు. నాకు భాష రాదు, వాళ్ళ పెదవులు చూసి పాడాను. కెరెన్సా రికార్డు చేసింది. అందులో సెమిసి గొంతు లేదు. ఇక ఎందులోనూ ఉండదు. ఆ రికార్డును ఆమె రెండు సర్వర్లలోనూ, మా ఇంటికి బయట మరోచోటా భద్రపరచవలెను.

5. కుట్టుమిషను, వరండాలోని పేము కుర్చీలు లూపె ఫిఫిటాకు చెందవలెను. (ఈ అంశం కొట్టివేయడమైనది.)

చిత్తుప్రతి చదివి, సాక్షి సంతకం తనే చేస్తానంది లూపె. ఆస్తి పొందేవారి చేత సాక్ష్యం వద్దని లాయరు సలహా ఇచ్చాడని చెప్పాను. "అయితే నీ సామాను నాకొద్దు, నా పేరు కొట్టెయ్," అంది. నా మాటకు నువ్వు పూచీ పడతావా అని అడగబోయాను. ఆమె అప్పటికే కలం మూత తీస్తోంది.

2024 ఆగస్టు 9, మూంటా బే.

(సంతకం) ఏవ్రిల్ ట్రెవారో

సాక్షులు:
గ్రెటెల్ నాన్కివెల్, మందుల దుకాణం
లూపె ఫిఫిటా, పక్కిల్లు