బొత్తాల ఆర్డర్

ఏప్రిల్ 21, సోమవారం

ఇవాళ నా టైలరింగ్ షాపుకి వింత ఆర్డర్ వచ్చింది. మాడుగుల రోడ్డులో కొత్తగా మాంటిస్సోరి స్కూలు పెట్టిన రోజా టీచర్ ఆరు చెక్క ఫ్రేములు తెచ్చింది. ఒక్కోదానికి రెండు గుడ్డ రెక్కలు బిగించాలి. ఒకదానికి పెద్ద బొత్తాలు, ఒకదానికి చిన్నవి, తర్వాత హుక్కులు, టిచ్ బటన్లు, జిప్పు, రిబ్బన్లు. ఎవరు వేసుకుంటారు అని అడిగాను. ఎవరూ వేసుకోరు, స్కూల్లో చిన్న గుంటలు పెట్టడం, విప్పడం నేర్చుకుంటారు అంది. పెళ్లి జాకెట్ల కోసం వడ్డాది నుంచి కూడా జనం వెతుక్కుంటూ వచ్చే చెయ్యి నాది. అయినా ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 24

అదరగొట్టాను. ఆరూ ఆరు రంగులు, అంచులకి లేసు, అద్దాలు. బొత్తాలు దూరే కాజాలు చేత్తోనే కుట్టాను. మా ఆయన షఫీక్ గోడకి తగిలించుకోవచ్చన్నాడు.

ఏప్రిల్ 25

అన్నీ తిరిగొచ్చాయి! పదహారేళ్లలో ఒక్క ముక్క తిరిగి రాలేదు. కుట్టు బంగారంలాగుందట, కానీ అద్దాలొద్దట. గుంట అద్దం సూస్తే బొత్తాం ఎప్పుడు సూస్తాదండీ అంది రోజా టీచర్. ఒక ఫ్రేముకి ఒకటే పని ఉండాలట. కాజాలు కాస్త వదులుగా కావాలట. నాకు ఒళ్లు మండింది. పళ్లు కొరుక్కుంటూ లేసంతా విప్పాను.

ఏప్రిల్ 26

వదులు సరిపోయిందో లేదో చూద్దామని పెద్ద బొత్తాల ఫ్రేము గజాలా ముందు పెట్టాను. నా కూతురు. వచ్చే నెలకి ఐదేళ్లు. ఎల్.కె.జి.లో ఫస్ట్ ర్యాంక్. తల ఎత్తకుండా వంద దాకా రాసేస్తుంది. ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి షాపులో పెట్టాను, వచ్చినవాళ్లందరూ చూడాలని.

గజాలా బొత్తాం పట్టుకుని లాగింది. రాలేదు. నువ్వే బొత్తాలెట్టు అమ్మీ అని ఫ్రేము నాకిచ్చేసి, అలవాటుగా మెడ పైకెత్తి నిలబడింది.

అప్పుడు తెలిసింది. ఈ పిల్ల పుట్టి ఒక్క బొత్తాం పెట్టుకోలేదు. పొద్దున్నే స్కూలు వ్యాన్ హారన్ కొట్టేలోపు నేనే పది సెకన్లలో పెట్టేస్తాను. ఆ స్పీడు చూసుకుని కూడా మురిసిపోయేదాన్ని.

ఏప్రిల్ 29

ఫ్రేములు ఇవ్వడానికి గజాలాని వెంటబెట్టుకెళ్లాను. రోజా టీచర్ పిల్ల పక్కన కూర్చుని, నోరు విప్పకుండా, నెమ్మదిగా ఐదు బొత్తాలూ పెట్టి చూపించింది. తర్వాత ఫ్రేము ఇచ్చేసి చేతులు వెనక్కి కట్టుకుంది.

గజాలా రెండో బొత్తాం మూడో కాజాలో దూర్చింది. నేను ఆగలేక చెయ్యి చాపాను. టీచర్ నా మణికట్టు పట్టుకుంది! మా చోడవరంలో నా చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లు ఇంతవరకూ లేరు.

చివర్లో ఒక బొత్తాం మిగిలిపోయింది, దాని ఎదురుగా కాజా లేదు. గజాలా కాసేపు చూసింది. ఎవరూ చెప్పకుండానే అన్నీ విప్పి మళ్లీ మొదలెట్టింది. నలభై నిమిషాలు. గజాలా చదివే కాన్వెంటులో అయితే ఎర్ర ఇంకుతో ఇంటూ పడేది. ఇక్కడ తప్పు ఆ బొత్తామే చెప్పింది.

మే 6

ఇంట్లో గొడవ. గజాలాని అక్కడ చేర్పిద్దామన్నాను. షఫీక్ ఎగిరిపడ్డాడు. పరీక్షల్లేవు, ర్యాంకుల్లేవు, మూడేళ్లోళ్లూ ఐదేళ్లోళ్లూ ఒకే గదిలో, అదేం సదువే అన్నాడు. అనకాపల్లి నుంచి వాళ్లక్క సాజిదా ఆపా ఫోన్ చేసి, ఫస్ట్ ర్యాంక్ గుంటని ఆటలకి అంపుతావేటమ్మా అంది. జూన్ తొమ్మిదికల్లా కాన్వెంటులో యు.కె.జి. సీటు ఖాయం చేసుకోవాలి.

వాళ్లని తప్పుపట్టలేను. ఆ ర్యాంకంటే నాకూ ఇష్టమే కదా.

మే 7

గజాలా కోసం బొత్తాల ఫ్రేము ఇంకొకటి కుట్టి ఇంట్లో పెట్టాను.

జూన్ 7, శనివారం, బక్రీద్, ఉదయం 6.30

గజాలాకి కొత్త గౌను. ముందు ఏడు బొత్తాలు. ముట్టుకోకు అమ్మీ అంది. పన్నెండు నిమిషాలు పట్టింది. ఒక కాజా తప్పింది, కాలరు ఒక పక్కకి ఎక్కిపోయింది. నేను కుట్టిన గౌను! పండగ రోజు! ఆపా వస్తుంది, ఆవిడ వీధి చివర్నుంచే వంకర కుట్టు పట్టేస్తుంది. సర్దేద్దామని చెయ్యి దురద పెట్టింది. సేమ్యా కలపడానికి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం 3

అనుకున్నట్టే అయింది. టైలరమ్మ కూతురు గౌను ఇలాగుందేటి అంటూ అందరిముందూ ఆపా సర్దబోయింది. గజాలా వెనక్కి జరిగి, కిందికి చూసుకుంది. గడప మీద కూర్చుని ఏడూ విప్పి, కింది నుంచి మొదలెట్టింది. బిరియానీ చల్లారిపోతోంది. ఎవరూ తినడం లేదు. ఆపా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

షఫీక్ కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చూస్తే, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. అతనికి ఎవరు చెప్పారో తెలీదు.

ఏడోది పడింది. కాలరు తిన్నగా నిలబడింది. గజాలా లేచి ఆడుకోడానికి వెళ్లిపోయింది, మా వైపు కూడా చూడలేదు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. ఎన్ని పెళ్లి జాకెట్లు కుట్టినా ఇలా రాలేదు.

జూన్ 9

కాన్వెంటుకి షఫీకే వెళ్లి సీటు వద్దని చెప్పొచ్చాడు.

జూన్ 12, గురువారం

కొత్త స్కూల్లో మొదటి రోజు. గజాలా గేటు దగ్గర ఆగి అడిగింది, నీకు బొత్తాలెట్టుకోడం ఎవరు నేర్పేరమ్మీ అని. ఎవరూ కూర్చుని నేర్పలేదు అన్నాను. పాపం అన్నట్టు నా చెంప నిమిరి, లోపలికి వెళ్లింది.