దుప్పటి చివరి మడత

అక్కా,
వేడినీళ్ళు పడ్డ వేళ్ళు మానాయి, కంగారుపడకు. కుశలాలు తర్వాత, ముందు నా కడుపుమంట విను. ఆస్పత్రి లాండ్రీలో నాకు తెల్లావిడని జోడీ వేశారన్నాను కదా. దుప్పటి మడత ఇద్దరి పని. చెరో పక్కా పట్టుకుని, నిలువునా మడిచి, చివర్లో ఎదురొచ్చి కొసలు కలపాలి. ఆవిడ దగ్గరికి రాదు! తన కొసలు బల్లమీద పడేసి, పళ్ళికిలిస్తూ వెనక్కి పోతుంది. నా నల్ల చేతుల మసి అంటుతుందా? నెలాఖరుకి జోడీ కుదరకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. అందుకే నేనూ నవ్వుతున్నా. ఇంటికొచ్చేసరికి దవడలు నొప్పి.
నీ చెల్లి
తా.క.: ఆవిడ నాతో గట్టిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడుతుంది. నాకు చెవుడనుకుని పక్క బల్లవాళ్ళు జాలిపడుతున్నారు.

చెల్లీ,
మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి! నువ్వూ బల్లమీద పడెయ్. ఆవిడ అరిస్తే నువ్వు రెండింతలు గట్టిగా అరువు. "ఆవిడనే ఓసారి అడగొచ్చుగా" అంటున్నారు మీ బావగారు. ఆయన మాట మనం ఎప్పుడు విన్నాం?
మండిపోతూ, అక్క
తా.క.: నాన్నమ్మ తిట్టు గుర్తుందిగా, "నీ మొహం మండా". నవ్వుతూ తిట్టు, ఆవిడకేం తెలుస్తుంది!

అక్కా,
నువ్వన్నట్టే చేశా. ఇద్దరం ఒకేసారి వదిలేసరికి ఉతికిన దుప్పటి నేలపాలైంది. సూపర్‌వైజరు చూశాడు. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు జాలేసింది, జాలేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది. రేపు ఆఫీసుకెళ్ళి జోడీ మార్చమంటాను.
చెల్లి
తా.క.: నవ్వుతూ తిట్టాను. "థాంక్యూ" అంది.

చెల్లీ,
అడుగు, భయమేంటి? ఉద్యోగం పోతే పోనీ, మర్యాద దక్కాలి.
అక్క
తా.క.: ఉద్యోగం పోనీ అన్నది కోపంలో. పోగొట్టుకోకు.

అక్కా,
ముందు బావగారికి దణ్ణం పెట్టానని చెప్పు. ఆఫీసుకెళ్తే నాకంటే ముందే ఆవిడ అక్కడ, ఏడుస్తూ! "ఈవిడకి నేనంటే అసహ్యం. మొదటిరోజు చెయ్యందిస్తే లాగేసుకుంది. నేను తగిలితే చిరాకుపడుతుందని కొసలు బల్లమీద పెడుతున్నా. నవ్వలేక నవ్వి దవడలు నొప్పి" అంటోంది. మొదటిరోజంటే నా వేళ్ళనిండా బొబ్బలు కదే! ముట్టుకుంటే ప్రాణం పోతుందని లాక్కున్నా. ఆ ముక్క ఆవిడతో అననేలేదు.
అదే చెప్పబోతున్నా. ఈలోగా సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలి, "ముందే అనుకున్నా, మీ రెండు జాతులకీ పొసగదు. ఒకర్ని తీసేస్తే సరి" అన్నాడు. ఇద్దరం ఒక్కసారే విరుచుకుపడ్డాం. "ఎవర్ని తీస్తావ్? రా, మా మడత చూడు!" అన్నాం. ఏ మాట ఎవరన్నామో తెలీదు. ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది, నేను లాక్కోలేదు. కొసకి కొస కలిపి మడిచి చూపించాం, ఇద్దర్నీ ఉంచాడు, చచ్చినట్టు.
నీ పర్మనెంటు చెల్లి
తా.క.: బయటికొచ్చాక బొబ్బల సంగతి చెప్పేశాను, ఆవిడేమో నేను నవ్వుతూ అన్న ఆ తెలుగు ముక్కకి అర్థం అడిగింది. సిగ్గుపడుతూ చెప్పాను. తర్వాత ఆఫీసు గుమ్మందాకా వెళ్ళి, నవ్వుతూ, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, "నీ. మొహం. మండా" అంది. అతను "థాంక్యూ" అన్నాడు.