నీలం లైటు మళ్లీ ఆగింది

రెండో తారీకు

చిరంజీవి పేచీకి,

బాబాయి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ పిన్ని, ముందుగది గోడకున్న పదకొండు గడియారాలు క్షేమం. పన్నెండోది పక్కింటి డ్రిల్ మాస్టారిది. దాని సంగతి ఇప్పుడే చెప్పలేను.

నువ్వు పంపిన పార్సెల్ నిన్న అందింది. అగ్గిపెట్టెంత బోర్డు, దాని వైరు, నువ్వు రాసిన చీటీ అన్నీ ఉన్నాయి. గదిలో వేడెంతుందో పది నిమిషాలకోసారి కొలిచి, మా వైఫై పట్టుకుని, నీ కంప్యూటరుకి అదే చెప్పుకుంటుందని రాశావు. ఇంత చిన్నదానికి అంత నోరా అని మీ పిన్ని ముక్కున వేలేసుకుంది. చీటీలో ఉన్నట్టే ఛార్జరుకి తగిలించి ప్లగ్గులో పెట్టాను.

ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. చప్పుడు లేదు గానీ నీలం లైటు అచ్చం గడియారంలా కొట్టుకోవడం మొదలెట్టింది. ముప్పై ఏడేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నవాణ్ణి, అంత శుభ్రమైన నడక చూడలేదు. తీరా నిమిషం గడిచేసరికి ఆగిపోయింది. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. నడిచింది. మళ్లీ నిమిషానికే ఆగింది. నిన్నట్నుంచి పదహారుసార్లు బతికించాను. రాత్రి చూసేవాళ్లుండరు కాబట్టి పీకి పక్కన పెట్టాను.

జబ్బేమిటో ఉత్తరం రాయి. ఫోన్ చేయకు. ఫోన్ చెవి దగ్గర పెడితే “బాగున్నాం, ఉంటాను” తప్ప నాకు మాట పెగలదని నీకు తెలుసు. అదీగాక, జబ్బు చీటీ మీద ఉంటే ఎదురుగా మేకుకి గుచ్చుకుని పని చేసుకోవచ్చు.

ఇట్లు,
కంట్లో అద్దం తియ్యకుండా రాస్తున్న
మీ బాబాయి

తా.క. లైటు నిమిషానికి సరిగ్గా అరవైసార్లు కొట్టుకుంటోంది. నువ్వు చేసింది గడియారమే. ముళ్లు పెట్టడం మర్చిపోయావు.


ఐదో తారీకు

ప్రియమైన బాబాయికి,

నీ పేచీ నమస్కరించి రాసేది. నీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. నా కంప్యూటరులోనూ అలాగే ఉంది. నీ ఇంటి నుంచి ఒక్క కబురు వస్తుంది, అంతే, మాయం. కాసేపటికి మళ్లీ ఒకటి. మళ్లీ మాయం.

నీకు చెప్పలేదు గానీ దీనిమీద చాలా ఉంది బాబాయ్. మా వీధి చివర పెద్ద మందుల షాపాయనకి ఊళ్లో ముప్పై కొట్లున్నాయి. ఫ్రిజ్‌లో మందులు వేడెక్కితే పాడవుతాయి కదా, ఒక్కో ఫ్రిజ్‌కీ ఒక్కో బోర్డు కావాలట. కానీ ఆయనకి మాటల మీద నమ్మకం లేదు. నా గదిలో పని చేస్తే లెక్క కాదు, పరాయి ఇంట్లో పదిరోజులు సందు లేకుండా నడిచిన రికార్డు తెమ్మన్నాడు. ఇరవై ఐదో తారీకు వరకే గడువు. నేను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. ఈ ఆర్డరు రాకపోతే ఒకటో తారీకున పాత ఆఫీసులో చేరతానని నాన్నకి మాటిచ్చాను. ఆయన రోజూ క్యాలెండరు వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నారు.

నాకైతే మీ వైఫై సరిగ్గా అందట్లేదని అనుమానం. బోర్డుని రౌటర్ దగ్గరికి జరుపు. ఛార్జరు మార్చి చూడు. వైరు వదులుగా ఉందేమో చూడు. దయచేసి బోర్డుని విప్పకు.

నీ
పేచీ

తా.క. నూనె కూడా వెయ్యకు.


ఎనిమిదో తారీకు

చిరంజీవి పేచీకి,

ఆశీస్సులు. నూనె విషయం ఒకరోజు ముందు రాయాల్సింది. చుక్కే వేశాను, తుడిచేశాను కూడా.

నువ్వు చెప్పినట్టు బోర్డుని తీసుకెళ్లి ముందుగదిలో రౌటర్ పక్కనే పెట్టాను. కొంప మునిగింది! ఇంతకుముందు నిమిషమైనా నడిచేది, ఇప్పుడు ఎనిమిది సెకన్లకే ఆగిపోతోంది. గుడ్లప్పగించి చూడ్డమే గానీ కదలిక లేదు. ఛార్జరు మార్చాను, ఏడు సెకన్లు. వైరు మార్చాను, ఆరు. ఒక్కో వైద్యానికీ రోగి మరింత నీరసిస్తున్నాడు. ఆ రౌటర్‌లోనే ఏదో దోషముందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అయస్కాంతం పక్కన పెడితే మంచి మంచి గడియారాలు చెడిపోవడం నేను కళ్లారా చూశాను.

నీ ఆర్డరు సంగతి చదివాక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. మీ నాన్నకి మాట ఎందుకిచ్చావే? చిన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని, పాడైన గడియారాలు విప్పి మళ్లీ బిగించి, మిగిలిపోయిన మరలు జేబులో దాచుకున్నదానివి. నిన్ను ఆఫీసు కుర్చీలో చూడ్డం నావల్ల కాదు. ఈ రోగిని నేను నడిపిస్తాను. ఒక నోటుబుక్కు పెట్టాను. ఎన్ని గంటలకి పెట్టాను, ఎన్ని సెకన్లకి ఆగింది, వరసగా రాస్తున్నాను. ఇప్పటికి తొంభై నాలుగు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. ఇది పిన్ని రాస్తోంది. మీ బాబాయి నిన్న భోజనాల మధ్యలో పదకొండుసార్లు లేచాడు. ఆ బోర్డు నీకు బతికితే బతకనీ, నా కూర చల్లారిపోతోంది.


పదకొండో తారీకు

ప్రియమైన బాబాయికి,

నమస్కారాలు. దగ్గరికి జరిపితే ఇంకా తొందరగా ఆగడమేమిటో నా బుర్రకి ఎక్కట్లేదు. ఇలాంటిది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నిన్న ఉండబట్టలేక ఫోన్ చేశాను. పిన్ని నీ చేతికిచ్చింది. నువ్వు “బాగున్నాం, ఉంటాను” అని పెట్టేశావు. పిన్నిని అడిగితే, ఆ వస్తువు దరిదాపుల్లోకి తనని రానివ్వట్లేదట.

నేను ఆలోచించినవన్నీ రాస్తున్నాను. మీ రౌటర్‌లో రెండు రకాల వైఫై ఉండొచ్చు, ఈ బోర్డుకి పాత రకమే పడుతుంది. మరీ దగ్గరగా ఉన్నా ఒక్కోసారి ఇబ్బందే, కాస్త దూరం జరిపి చూడు. చుట్టూ ఇనుప సామాన్లు మాత్రం ఉండకూడదు, అడ్డమొస్తాయి. పాస్‌వర్డ్ చివర ఖాళీ పడిందేమోనని కూడా చూశాను, లేదు.

పదిహేనో తారీకు నుంచైనా ఆగకుండా నడవాలి. లేకపోతే పదిరోజులు నిండవు. రోజూ పొద్దున లేచి పళ్లు తోముకోకుండా మీ ఇంటి రికార్డే చూస్తున్నాను. అది చిరిగిన వలలా ఉంది, అన్నీ చిల్లులే. ఏడుపొస్తోంది బాబాయ్.

నీ
పేచీ

తా.క. పిన్నికి చెప్పు, ఇది బతికితే ఆ కూరకి నేనే వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను.


పదిహేడో తారీకు

చిరంజీవి పేచీకి,

కళ్లు తుడుచుకో. నెగ్గాం.

దూరం జరపమన్నావు కదా, ఆ ఒక్క ముక్కతో దారి దొరికింది. ముందుగదిలోంచి నడవాలోకి జరిపాను, నిమిషమున్నర నడిచింది. వంటింట్లోకి మార్చాను, రెండు నిమిషాలు. రౌటర్ గాలి తగలకపోతే ఇది కోలుకుంటుందని అర్థమైపోయింది. దాంతో పెరట్లో స్నానాల గది వెనక, పాత సామాన్ల కొట్లోకి చేర్చాను. అక్కడా అనుమానమే, ఏ సందులోంచైనా వైఫై వస్తుందేమోనని. నువ్వు ఇనుము అడ్డమొస్తుందని రాశావు చూడు, ఆ మాట బంగారం. మీ పిన్ని బిస్కెట్ల రేకుడబ్బా ఖాళీ చేయించి, బోర్డు అందులో పెట్టి, మూత బిగించాను. వైరుకి చిన్న కన్నం, నేను చూసుకోవడానికి ఇంకో కన్నం.

పద్నాలుగో తారీకు సాయంత్రం మొదలెట్టింది తల్లీ, మూడు రోజులుగా ఒక్క సెకను ఆగలేదు. టిక్కు టిక్కుమని అదే నడక. మూడువందల పన్నెండుసార్లు ఆగిన గుండె అది. నేను గంటకోసారి వెళ్లి కన్నంలోంచి చూసి వస్తున్నాను. ఆ షాపాయనకి ధైర్యంగా చెప్పు.

ఇట్లు,
విజయగర్వంతో
మీ బాబాయి

తా.క. పిన్నిని. నిన్న మీ బాబాయి ఆ కొట్లో రేకుడబ్బాతో మాట్లాడుతున్నాడు. ఫోన్‌లో రెండు మాటలు రాని మనిషి, అక్కడ పావుగంట మాట్లాడాడు.


ఇరవయ్యో తారీకు

బాబాయ్,

పద్నాలుగో తారీకు సాయంత్రం నుంచి నా కంప్యూటరులో ఒక్క కబురు కూడా లేదు. చిల్లులు కూడా లేవు, మొత్తం ఖాళీ. నీ ఉత్తరం రెండోసారి చదివాక అర్థమైంది.

ఆ లైటు కొట్టుకుంటోందంటే వైఫై కోసం వెతుక్కుంటోందని. దొరికాక నిలకడగా వెలుగుతుంది. అది ఆగిపోవడం కాదు బాబాయ్, అదే పని చెయ్యడం. నువ్వు ఆగిందనుకున్న ప్రతిసారీ అది అప్పుడే నాతో మాట మొదలెట్టింది. నువ్వు ప్లగ్గు పీకేశావు.

నీమీద కోపం లేదు. గంటసేపు ఉంది, ఇప్పుడు లేదు. చీటీలో అన్నీ రాసి, లైటు సంగతి రాయనిది నేను. కదలకపోతే చచ్చినట్టేనని ముప్పై ఏడేళ్లుగా నమ్మే మనిషి చేతిలో పెడుతూ, ఆ ఒక్క ముక్క రాయాలని తోచలేదు నాకు.

ఇక పదిరోజులు మిగల్లేదు. ఇరవై ఐదున షాపాయన దగ్గరికి వెళ్లి కాలేదని చెప్పేస్తాను. ఒకటిన ఆఫీసులో చేరతాను. నాన్న అప్పుడే నా టిఫిన్ డబ్బా తోమి పెట్టారు.

పేచీ

తా.క. పిన్ని రేకుడబ్బా పాడుచేయించినందుకు నన్ను క్షమించమను.


ఇరవై నాలుగో తారీకు

చిరంజీవి పేచీకి,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. మీ ఇంటి గుమ్మం ముందు, మూడో మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తలుపుకి తాళముంది. ఆఫీసుకి బూట్లు కొనుక్కోవడానికి మీ నాన్నతో వెళ్లావని కింది వాటా ఆవిడ చెప్పింది.

నీ ఉత్తరం నిన్న అందింది. మూడువందల పన్నెండుసార్లు నీ పీక నేనే నొక్కానన్నమాట. తెల్లారగానే నోటుబుక్కు చంకన పెట్టుకుని మొదటి బస్సెక్కాను. మీ వీధి చివర మందుల షాపుకి సరాసరి వెళ్లి, తప్పు పిల్లది కాదు నాదని చెప్పేద్దామని నా ఉద్దేశం. తీరా ఆయన ఎదురుగా నిలబడితే నోట్లోంచి వచ్చింది “బాగున్నాం, ఉంటాను.” ఆయన నిండా అయోమయంలో పడ్డాడు. ఇక లాభం లేదని నోటుబుక్కూ నీ ఉత్తరమూ బల్ల మీద పెట్టేశాను.

ఆయన ఉత్తరం చదివాడు. బుక్కు పేజీ పేజీ తిప్పాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని అడిగాడు.

“మూడువందల పన్నెండుసార్లు కరెంటు పీకారా?”

తలూపాను.

“ఒక్కసారైనా వైఫై దొరక్కుండా పోయిందా? మనిషి వచ్చి సరిచేయాల్సి వచ్చిందా?”

రేకుడబ్బాలో మూసేదాకా ఒక్కసారి కూడా లేదని బుక్కులో చూపించాను. ముందుగదిలో ఎనిమిది సెకన్లు, వంటింట్లో రెండు నిమిషాలు. ప్రతిసారీ దానంతట అదే లేచి, వెతుక్కుని, పట్టుకుంది. అప్పుడు చెప్పాడు ఆయన బాధ. ఆయన కొట్లలో రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతుందట. ఇప్పుడున్న మిషన్లు ఒకసారి పడుకుంటే మనిషి వెళ్లి లేపాలట. కొట్టుకొట్టుకీ తిరిగి లేపేసరికి మందులు వేడెక్కుతున్నాయట. పదిరోజులు కదలకుండా ఉన్నదాన్ని ఎవడైనా చూపిస్తాడు, ఇంత చావుదెబ్బ తిని లేచినదాన్ని ఇదే చూడ్డం అన్నాడు. ముప్పై బోర్డులకీ ఆర్డరు కాగితం రాసి సంతకం చేశాడు. ఇదే కవరులో ఉంది చూడు.

ఆయనకి ఒక కోరికుంది. దొరికినప్పుడు లైటు కొట్టుకోవాలట, దొరకనప్పుడు నిలబడిపోవాలట. ఆ ముక్క ముందు బుక్కు చివర రాసి ఆయనకి చూపించింది నేనేననుకో. నీ తరఫున సరేనన్నాను.

ఎలాగూ ఇక్కడే కూర్చుంటాను కదా, ఉత్తరమెందుకంటావేమో. నువ్వు ఎదురుగా వస్తే నాకు మాట పెగలదు. ఇది నీ చేతిలో పెడతాను. చదవడం అయ్యేదాకా నా మొహంలోకి చూడకు.

ఇట్లు,
మెట్టు మీది
మీ బాబాయి

తా.క. వీధి మలుపులో మీరిద్దరూ కనిపిస్తున్నారు. మీ నాన్న చేతిలో బూట్ల పెట్టె ఉంది. బిల్లు చింపకండి.