పక్కకు ఒరిగిన రూపాయి

మామా,

దేశంలోని టంకశాలలన్నిటికీ, నాణేలు పోగేసే పెద్దలందరికీ, ముఖ్యంగా స్వర్గస్థులైన తమరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. నాకు సిగ్గు లేదని నీకు తెలుసు గనక దీన్ని నమ్మకు.

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక అత్త నల్లగండ్ల ఫ్లాట్‌లో నీ డబ్బాలన్నీ చాప మీద గుమ్మరించింది. ఆమెకు ఆ రూపాయి కావాలట. సింహాలను నిటారుగా పట్టుకుని బిళ్ళను పక్కకు తిప్పితే, వెనక అంకె ఒరిగి పడుకుని ఉంటుందే, అది. టంకశాలలో అచ్చు తిరిగిపోయి పుట్టిన ఆ తప్పును పట్టుకున్న రోజు నువ్వు అన్నం కూడా మరిచిపోయావు.

"మీ మామ ఆఖరుకు నా చేతిల పెట్టి చూపించిన బిళ్ళ గదేరా. గది దొరకకుంటే నేనెట్ల పండుకోవాలె?" అంటోంది అత్త.

నేనూ నీ భూతద్దం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఒక్కో బిళ్ళా తిప్పి "ఇది కాదత్తా" అంటున్నాను.

"జర మంచిగ చూడు. పొద్దుందాక ల్యాప్‌టాప్ చూసే కండ్లు గివేనా?"

కుప్ప అయిపోయింది. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేనూ మళ్ళీ తిప్పుతున్నాను.

నువ్వు పోయిన రోజు నీ నుదుటి మీద పెట్టడానికి రూపాయి బిళ్ళ కావాలన్నారు. అందరూ ఫోన్‌తో చెల్లించేవాళ్ళే, ఒక్క జేబులోనూ బిళ్ళ లేదు. నీ డబ్బాలోంచి తెమ్మని నన్ను పంపారు. అందులో మామూలు రూపాయలు బోలెడున్నాయి. నేను ఆ ఒరిగినదాన్నే ఏరి, తిప్పి చూసుకుని మరీ, నీతో పంపేశాను.