బరాజిన్ బోరు నీళ్ళు

బరాజిన్, క్వీన్స్‌లాండ్
మార్చి 4

హార్మోన్ల పరిశోధకులు డాక్టర్ ఫోగ్ట్ గారికి,

మూడేళ్ళ క్రితం మీరు మా ఊరొచ్చి నలభై మంది ఆడవాళ్ళ రక్తం, మూత్రం పట్టుకెళ్ళారు. చెరుకు తోటల్లో కొట్టే గడ్డిమందు మా హార్మోన్లను ఏం చేస్తోందో చెబుతామన్నారు. చెప్పలేదు. మా అమ్మాయి కెరెన్సాకు రెండోసారీ కడుపు నిలవలేదు. మా వీధిలో ఐదుగురికి థైరాయిడ్. కనీసం మా బోరు నీళ్ళయినా పరీక్షించండి బాబూ.

ఇట్లు,
మెర్ల్ ట్రెగెంజా

తా.క.: నన్ను గుర్తుపట్టకపోతే, ఆ రోజు మీరు ఆరు లామింగ్టన్ కేకులు తిన్నది మా ఇంట్లోనే.

బ్రిస్బేన్
మార్చి 29

శ్రీమతి ట్రెగెంజా గారికి,

పాత ఫలితాలు చెప్పడానికి పాత నిబంధనలు ఒప్పుకోవు. నీళ్ళ పరీక్ష మా శాఖది కాదు. మేము మనుషులనే పరీక్షిస్తాం. మీరు మళ్ళీ పాల్గొనాలని ఉత్సాహపడుతున్నట్టు అర్థమైంది. మూత్రానికి సీసా పంపుతున్నాం. నింపి పంపితే కొత్త నిబంధనల ప్రకారం ఫలితం తెలియజేస్తాం.

భవదీయుడు,
డా. ఫోగ్ట్

తా.క.: కేకులు ఆరు కాదు, నాలుగు.

బరాజిన్
ఏప్రిల్ 6

డాక్టరు బాబుకు,

సీసా నింపాను. మూత గట్టిగా బిగించాను. కెరెన్సాను కూడా ఇమ్మంటే, "నా దగ్గర ఇంకేం మిగిలిందని పట్టుకెళ్తారమ్మా?" అంది. దానికేదైనా ఫారం ఉంటే పంపండి.

మెర్ల్

తా.క.: ఆరే. రెండు జేబులో వేసుకున్నారు.

బ్రిస్బేన్
మే 20

శ్రీమతి ట్రెగెంజా గారికి,

మీ మూత్రంలో గడ్డిమందు ఉండదగినదానికి పదకొండు రెట్లుంది. చేతి తొడుగులు లేకుండా మందు కొడుతున్నట్టున్నారు. ఇది మీ అజాగ్రత్తే. అయితే మూత్రం రంగు లేకుండా తేటగా ఉంది. నీళ్ళు బాగా తాగుతున్నారన్నమాట, సంతోషం. ఆ బోరు నీళ్ళే ఇంకా ఎక్కువ తాగండి. మందంతా కొట్టుకుపోతుంది.

భవదీయుడు,
డా. ఫోగ్ట్
(సంతకం, ఆఫీసు ముద్ర)

తా.క.: ఆ రెండూ మా ఆవిడకి.

బరాజిన్
జూన్ 2

డాక్టరు బాబుకు,

సీసాలో పోసింది నా మూత్రం కాదు. మా వంటింటి కుళాయిలో వచ్చే బోరు నీళ్ళు. మనుషులనే పరీక్షిస్తామన్నారుగా, అందుకని నీళ్ళకి నా పేరు పెట్టాను.

మీ ముద్ర ఉన్న ఆ ఉత్తరాన్ని టౌన్ హాల్లో చదివాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మర్నాడే కౌన్సిల్ వాళ్ళు బోరుకు తాళం వేసి ట్యాంకర్లు తెప్పించారు.

కెరెన్సా మాత్రం ఆ రోజు సభ మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను.

"వేవిళ్ళప్పుడు తాగు, తాగు అని గ్లాసు నోటికి పెట్టింది నువ్వే కదమ్మా," అంది. "రెండుసార్లూ."

దానికి జవాబు మీరే రాయండి.

మెర్ల్