నీలం చొక్కాలో మునిరత్నం

సోమవారం రాత్రి, చిత్తూరు

నా స్నేహితుడు మునిరత్నం అభిమానించే ఫుట్‌బాల్ జట్టు నిన్న ఆఖరి మ్యాచ్ కూడా ఓడి, ఇంగ్లండ్ పెద్ద లీగు నుంచి కింది లీగులోకి పడిపోయింది. అట్లా పడిపోతే అని మేం వేసుకున్న పందెం ప్రకారం ఈరోజంతా వాడు మా జట్టు నీలం చొక్కా వేసుకొని తిరగాలి. పొద్దున్నే వేసుకొనే వచ్చాడు. బజారులో అందరం ఏడిపించాం. ఎక్కువ ఏడిపించింది నేనే.

"మీ గోల్‌కీపర్ కంటే మా అవ్వ నయమప్పా, విసిరిన చెంబన్నా పట్టుకుంటాది" అన్నాను. వాడూ నవ్వాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మెల్లగా అన్నాడు: "ఇంక సాలప్పా. వచ్చే ఏడు నుంచి నేనూ మీ జట్టే. ఓడి ఓడి బేజారైపోయినాను."

సంతోషించాల్సింది పోయి నాకు లోపల కలుక్కుమంది. కాలేజీ రోజుల నుంచి ఇద్దరం గొడవపడకుండా ఒక్క మ్యాచ్ చూసింది లేదు.

"అట్లెట్లా మారతావు? మళ్లా పైకొస్తారులే, ఉండు" అని బతిమాలాను. వాడి జట్టు తరఫున నేను మాట్లాడటం నాకే వింతగా ఉంది.

"నేనెప్పుడూ ఓడిపోతానే ఉండాల్నా నీకు?" అన్నాడు.

"ఊఁ" అనేశాను. తమాషాకే అన్నానా? ఈసారి వాడు నవ్వలేదు. గ్లాసు పెట్టేసి, బండి తీసుకొని వెళ్లిపోయాడు.

భోజనమయ్యాక ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తోచక "తిన్నావా?" అన్నాను. "తిన్నా. నువ్వు?" అన్నాడు. కోపమొచ్చిందో లేదో గొంతులో తెలియలేదు.

వాడు నా పక్కన కూర్చొని మా జట్టుకే చప్పట్లు కొడుతున్నట్టు ఊహించుకోబోయాను. కుదరడం లేదు. అట్లాగైతే ఇక మ్యాచ్ ఎందుకు చూడాలో...